ఇంటిలోని గాలిమాటలు

తెలుగువారికి గాలిమాట అన్నచో చులకన. ఆధారము లేని మాటను, ఎవరన్నదో తెలియని మాటను గాలిమాట అని కొట్టివేయుట మన అలవాటు. నేడు మాత్రము నమ్మి తీరవలసిన మాటలన్నియు గాలిలోనే ప్రయాణము చేయుచున్నవి. బ్యాంకు లెక్క, పరీక్షాఫలితము, పహాణీ నకలు, సముద్రముల కవతలనున్న కొడుకు ముఖము, అన్నియు ఇంటి గోడకున్న ఒక చిన్న పెట్టెనుండి వెలువడి చేతిలోని ఫోనును చేరుచున్నవి. ఆ పెట్టెను మోడెమనువారు కొందరు, రౌటరనువారు కొందరు, వైఫై డబ్బా అనువారు పెక్కుమంది. పేరేదైనను, అది పని మానిననాడు మా సిద్దిపేటలో ఇంటింట వినవచ్చు మాట ఒక్కటే: "నెట్ వస్తలేదు."

ఈ రెండు పదముల వాక్యముమీదనే నా అభియోగము. అందులో భాషాదోషమున్నదని కాదు. అది మా ప్రాంతపు జీవభాష. ఆ క్రియారూపమును నేను తరగతిలో సమర్థించి పాఠము చెప్పువాడనే. అందులో చాలినంత అర్థము లేదనియే నా బాధ. కడుపునొప్పి అని మాత్రము చెప్పి ఊరకున్న రోగికి ఏ వైద్యుడు మందీయగలడు? ఎడమనా కుడినా, తినక ముందా తిన్న పిదపనా అని అడిగి తెలిసికొన్న తరువాతనే గదా చీటి వ్రాయుట! "నెట్ వస్తలేదు" అను ఒక్క పలుకు మాటున తక్కువలో తక్కువ నాలుగు వేర్వేరు జబ్బులు దాగియున్నవి. ఒకదాని మందు మరియొకదానికి పనికిరాదు. వానిని వేరుచేసి చెప్పగలిగిన ఇల్లాలు సగము మరమ్మతు చేసినట్లే. చెప్పలేని ఇంట పెట్టెలు మారును, డబ్బు పోవును, జబ్బు మాత్రము కదలదు.

ఈ విషయమున మా జిల్లాకొక విశేషము కలదు. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ తొలి దశను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించినారు. ఆనాడా గ్రామము మెదక్ జిల్లాలోనిది; అదే ఏడు అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడగా మాలో చేరినది. తాగునీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే కాంతిని మోయు గాజుతంతువులకు కూడ ఒక గొట్టమును పరచవలెనని రాష్ట్రప్రభుత్వము సంకల్పించినది. ఆ పథకమునకు టీ-ఫైబర్ అని పేరు. ఆ తంతువులద్వారా ఇండ్లకు సేవలందించుట 2024 డిసెంబరులో కొన్ని గ్రామములందు ప్రయోగముగా ఆరంభమైనది. నీరును వార్తయు ఒకే కందకమున ప్రక్కప్రక్కన నడచుట ఏ ప్రబంధకవికైనను తట్టియుండని కల్పన.

అయితే గడప దగ్గర ఈ తోబుట్టువుల దారులు వేరగుచున్నవి. నీటిని లోనికి తెచ్చుకొనుట మనకు తెలియును. నల్లా, వాషరు, గోలెము, బిందె, మిద్దెమీది ట్యాంకు, ఇవన్నియు చదువురాని వారికిని చేతిలోని విద్యలే. "నీళ్లు వస్తలేవు" అన్నవాడు ఆ మాటతో ఆగడు. గల్లీలో అందరికీ రావడము లేదా, మన ఇంటికేనా? క్రింది నల్లాకు వచ్చి పై నల్లాకు రాలేదా? ట్యాంకు నిండలేదా, గొట్టము పూడినదా? ఇన్ని ప్రశ్నలు తనకు తానే వేసికొని, జవాబులు తానే చూచుకొని, ఆ తరువాత మేస్త్రీని పిలుచును. అదే మనిషి "నెట్ వస్తలేదు" అని మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండును. అతని తెలివి తగ్గినదా? లేదు. నీటికి మనకు మాటలున్నవి. ఈ గాలికి ఇంకను మాటలు కుదరలేదు.

గాలిలోని ఈ మాట ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పుకొనవలసియున్నది. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు తీగ లేకుండ, గోడలు దాటించి, తరంగముల చేత దూరమునున్న గంటను మ్రోగించి చూపినాడు. ఆ పిదప రేడియో యుగము. 1933లో చేసిన చట్టము ప్రకారము రేడియో పెట్టె ఇంట నుంచుకొనుటకే అనుమతిపత్రము కావలెను. హైదరాబాదు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసిన తరువాత కూడ శ్రోతలు తపాలా కార్యాలయమునకు పోయి రుసుము చెల్లించి, పుస్తకములో బిళ్లలు అంటింపించుకొనుచుండిరి. ఆ పద్ధతి 1980ల దశకమున తొలగినది. వినుటకే సర్కారు అనుమతి కావలసిన ఆ దేశముననే, 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జుల పట్టీలోను, 5 గిగాహెర్ట్జుల పట్టీలోను ఎవరి ఇంటిలో వారు తక్కువ శక్తితో ప్రసారము చేసికొనుటకు అనుమతిపత్రము అక్కరలేదని ప్రభుత్వము ప్రకటించినది. అమెరికాలో ఇట్టి స్వేచ్ఛ 1985లోనే ఇచ్చినారు. 1997లో ఇంజనీర్ల సంఘము దీనికొక ప్రమాణము కట్టినది. 1999లో వైఫై అను పేరు పెట్టినారు. ఆ రెండక్షరముల వెనుక ఏ అర్థమును లేదు. హైఫై అన్న పాత మాటకు అంత్యప్రాసగా కుదిర్చిన పేరది. ప్రాసకొరకు అర్థమును వదలుట మన శతకకారులకే చెల్లునని అనుకొంటిమి!

కనుక ఇప్పుడు ప్రతి ఇల్లు ఒక చిన్న రేడియో కేంద్రము. గృహస్థుడే దాని అధికారి, ఇంజనీరు, కావలివాడు. ఉద్యోగము వచ్చినదిగాని, శిక్షణ మాత్రము ఎవరును ఈయలేదు.

ఆ కేంద్రమును ఎచ్చట నెలకొల్పవలెనన్నది మొదటి ప్రశ్న. మన ఇండ్లలో దీనిని నిర్ణయించునది తీగ తెచ్చిన కుర్రవాడు. వీధి స్తంభమునుండి వచ్చు తంతువు ఏ కిటికీకి దగ్గరయో ఆ కిటికీ ప్రక్కన, ఇంటికొక మూలలో, టీవీ బల్ల వెనుక పెట్టెను తగిలించి పోవును. సగము ప్రసారము వీధి పాలు. కొందరిండ్లలో వాస్తు చెప్పువారు కూడ ప్రవేశించి, విద్యుత్తుతో నడచునది గావున ఆగ్నేయముననే ఉండవలెనని శాసించుట నేనెరుగుదును. వాస్తుగ్రంథములు పుట్టిన కాలమున లేని ఈ వస్తువునకు దిక్కు చూపుటకు ఆ గ్రంథములకు అధికారము లేదని సవినయముగా మనవి చేయుచున్నాను. ఇంటి నడుమ, నిలుచున్న మనిషి తల ఎత్తున, నలువైపుల ఖాళీ ఉండునట్లు పెట్టుటయే దీనికి తగిన వాస్తు.

తరంగము స్వభావము తెలిసినచో ఇది తర్కమునకు అందును. 2.4 పట్టీలోని అల పొడవు సుమారు అరజానెడు. 5 పట్టీలోని అల పొడవు మూడు వ్రేళ్ల వెడల్పు. పొడుగు అల గోడలను కొంత సులువుగా దాటును గాని మోయు బరువు తక్కువ. పొట్టి అల వేగముగా మోయును గాని గోడ అడ్డము వచ్చినచో అలసిపోవును. మా వైపు పాత పెంకుటిండ్లకు మూరెడు మందముగల మట్టిగోడలు. ఎండకాలము చల్లదనమునకు అవి దేవుడిచ్చిన వరము. ఈ అలలకు మాత్రము కోటగోడలు. కొత్త ఇండ్లలో ఇనుప కడ్డీలు దిగిన కాంక్రీటు కప్పు క్రింది అంతస్తునకు పై అంతస్తునకు నడుమ తెర కట్టును. ఇనుప బీరువా, నిలువుటద్దము, ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు, ఇవన్నియు అలలను త్రిప్పికొట్టునవో మ్రింగునవో. బీరువా మీద పెట్టె పెట్టి, బీరువా వెనుక గదిలో నెట్ లేదని వాపోవువారిని ఏమందుము? మెట్ల దారి దగ్గర నుంచినచో కప్పును చీల్చుకొని పోనక్కరలేదు. మనుషులవలెనే అలలును మెట్లెక్కి పోవును. పెట్టెకు కొమ్ములవలె నిలుచు ఏంటెన్నాల విషయమున కూడ ఒక భ్రమ కలదు. కొమ్ము చూపిన దిక్కునకు ప్రసారము పోవునని తలంతురు. నిజమునకు అది గారెవలె చుట్టును వ్యాపించును. కొమ్ము కొనవైపు దాదాపు శూన్యము. మేడమీదికి కావలసినవారు ఒక కొమ్మును అడ్డముగా పడుకోబెట్టవలెను. టీవీలకు కుట్టుపని గుడ్డలు కప్పిన చేతులు ఈ పెట్టెకు కూడ కప్పుచున్నవి. అది వేడెక్కి తడబడును, గుడ్డ తీసివేయుడు.

ఇక ఆ నాలుగు జబ్బుల సంగతి. మొదటిది గడప వెలుపలిది. పెట్టెమీద ఎల్‌ఓఎస్ అను అక్షరముల దగ్గర ఎర్రదీపము వెలిగినచో వీధినుండి వెలుగే రావడము లేదని అర్థము. గాజుతంతువు ఎక్కడనో తెగినది, లేక గట్టిగా మడత పడినది. మా ప్రాంతమున దీనికి ముఖ్యకారకులు కోతులు. తీగలపై ఊగుట వాటికి వేడుక. ఈ జబ్బునకు ఇంటిలో మనము చేయదగినది, తంతువు తలుపు సందున నలిగినదేమో చూచి, సంస్థకు కబురు చేయుటయే. పెట్టెను పదిమారులు ఆర్పి వెలిగించినను కోతి తెంపినది అతుకదు.

రెండవది, వెలుగు వచ్చుచున్నది గాని దాని వెంట సరుకు రాదు. పచ్చదీపము నిలకడగానే ఉండును. ఫోను మాత్రము "ఇంటర్నెట్ లేదు" అని వ్రాసి చూపును. చందా గడువు తీరియుండవచ్చును, సంస్థ యంత్రములలో లోపముండవచ్చును. ఇరుగుపొరుగును అడిగినచో నిముషములో తేలును.

మూడవ జబ్బు, నాలుగవ జబ్బు గడప లోపలివి. మన అజ్ఞానమంతయు ఇక్కడనే. వెలుపలి దోషమా, లోపలి దోషమా తేల్చుటకు ఒక్క పరీక్ష చాలును. ఒక లాప్‌టాప్‌నకు ల్యాన్ తీగను తగిలించి నేరుగా పెట్టెకు కలుపుడు. తీగమీద వేగము సరిగా వచ్చి గాలిలో రాకున్నచో దోషము మన గాలిలో ఉన్నది. తీగమీద కూడ రాకున్నచో సంస్థవారితో ధైర్యముగా వాదింపవచ్చును. ఈ చిన్న తీగను ఇంట నుంచుకొనని వారు జ్వరమాని లేకుండ జ్వరమును గూర్చి చర్చించువారు. లాప్‌టాప్ లేనివారు ఫోనుతో పెట్టె ఎదుట రెండడుగుల దూరమున నిలిచి చూచి, తరువాత లోపలి గదికి పోయి చూడవలెను. చూచుటకు ముందు ఫోనులోని మొబైల్ డేటాను ఆపవలెను. లేనిచో వైఫై చచ్చియున్నను ఫోను చాటుగా టవరు దారి పట్టి, అంతయు బాగుగనే ఉన్నట్లు నటించును.

పెట్టె దగ్గర బాగుగా వచ్చి లోగదిలో రాకున్నచో మూడవ జబ్బు, అనగా అల చేరడము లేదు. పెట్టె దగ్గర కూడ సాయంకాలము ఏడు గంటలకు మందగించి, తెల్లవారుజామున చురుకుగా ఉన్నచో, ఒక్కొక్కమారు అది సంస్థ దగ్గరి రద్దీ. తీగ పరీక్ష ఆ సంగతి చెప్పును. తీగమీద బాగుండి గాలిలోనే మందగించినచో నాలుగవ జబ్బు: గాలిలో జనసమ్మర్దము. 2.4 పట్టీ ఇరుకు సందు. అందులో ఒకరి నొకరు తాకకుండ నడువదగిన దారులు మూడే: 1, 6, 11 అను సంఖ్యలవి. ఇల్లిల్లు అంటియున్న గల్లీలో ఇరువది పెట్టెలు ఈ మూడు దారులలో త్రోసికొనుచుండును. ప్రక్కింటివారు అన్నము వేడిచేయు మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ పట్టీలోనే, 2.45 దగ్గర పనిచేయును. అది తిరిగినంతసేపు ఆ దారిలో రొద. 5 పట్టీ విశాలమైన రాజవీధి. దగ్గరనున్నవారు దానిలోనికి మారినచో సందు కొంత ఖాళీ యగును.

ఇక్కడనే "పుల్లల" భ్రమ వచ్చుచున్నది. ఫోనుమీద కనబడు నాలుగు గీతలను మావారు పుల్లలందురు. ఒకనాడు ఇంటికి వచ్చిన కుర్రవానితో లోగదిలో పాఠము నిలుచుట లేదని చెప్పగా, "సార్, పుల్లలన్నీ ఫుల్లుగనే ఉన్నయి గదా" అన్నాడు. "పుల్లలు ఫోనుకు, డబ్బాకు నడుమ ముచ్చట తమ్ముడూ, డబ్బాకు లోకానికి నడుమ ముచ్చట గాదు" అన్నాను. వాడు నవ్వి తీగ పెట్టి చూచినాడు. దోషము వారి వైపే తేలినది. పుల్లలు మోటు లెక్క. నిజమైన కొలత డెసిబెల్. పెట్టె దగ్గర ఋణము 40, నడిమి గదిలో ఋణము 60, మూలగదిలో ఋణము 80 అని ఉచితముగా దొరకు ఫోను సాధనములే చూపును. ఈ లెక్కలో 3 తగ్గినచో శక్తి సగమగును. 30 తగ్గినచో వెయ్యవ వంతగును. ఋణము 67 దాక ముఖాముఖి మాట నిలుకడగా సాగును; 80 దగ్గర ముఖము ముక్కలగును, మాట మ్రింగుడుపడును.

మూలగదికి అల చేరనిచో రెండవ పెట్టె పెట్టవలసినదే. ఈ ఘట్టముననే మన మధ్యతరగతివారు ఎక్కువగా మోసపోవుచున్నారు. అంగడివాడు రిపీటరు అను చౌక వస్తువును చేతబెట్టును. అది మొదటి పెట్టె మాట విని మరల పలుకునది. వినునంతసేపు పలుకలేదు, పలుకునంతసేపు వినలేదు. ఒకే దారిలో రెండు పనులు చేయువానివి వేగము సగమునకు పడిపోవును. పైగా దానిని కొన్నవారు అల చేరని మూలగదిలోనే తగిలింతురు. తనకే వినబడని చోట కూర్చున్నవాడు ఇతరులకేమి వినిపింపగలడు? విధిలేక వాడినను నడిమి దారిలో ఉంచవలెను. నా అభిప్రాయములో దానికి పెట్టు డబ్బు తీగకు పెట్టుట మేలు. మొదటి పెట్టెనుండి మూలగదికి క్యాట్-6 తీగ లాగి, దాని కొనకు యాక్సెస్ పాయింటును తగిలించినచో ఎదురులేదు. ఈ తీగ 100 మీటర్ల దాక పోవును. ఏ ఇంటికైనను చాలును. రాగి పూసిన అల్యూమినియము కాక, నిండు రాగి తీగయే అడిగి కొనవలెను. గోడలోని కరెంటు తీగల గొట్టములోనే దీనిని దూర్చరాదు. ఇల్లు కట్టుకొనువారు ప్రతి గదికి ఒక ఖాళీ గొట్టము విడిచినచో తరువాత గోడ పగులగొట్టు పని తప్పును. పూజగది తోరణమునకు పెట్టు ఖర్చులో ఇది ఎన్నవ వంతో మేస్త్రీనే అడుగుడు.

పాత రౌటరునే యాక్సెస్ పాయింటుగా మార్చుకొనవచ్చును. దానికి నాలుగు కట్టుబాట్లు. మొదటి పెట్టె చిరునామా 192.168.1.1 అయినచో రెండవదానికి 192.168.1.2 అని వేరు చిరునామా ఈయవలెను. ఫోనులకు చిరునామాలు పంచు అధికారమును, డీహెచ్‌సీపీ అనుదానిని, రెండవదానిలో ఆపవలెను. ఒకే వీధిలో ఇద్దరు బంట్రోతులు ఎవరికి తోచినట్లు వారు ఇండ్లకు నెంబర్లు వేసినచో ఉత్తరమెవరికి చేరును? ఇంటిలో పెక్కు చిత్రమైన జబ్బులకు, అనగా ఒక ఫోను పనిచేసి మరియొకటి చేయకపోవుటకు, ఉదయము బాగుండి సాయంత్రము చెడుటకు, ఈ జంట అధికారమే మూలము. తీగను రెండు పెట్టెలలోను ల్యాన్ అని వ్రాసిన రంధ్రములలోనే పెట్టవలెను. పేరు, రహస్యపదము రెండింటికిని ఒక్కటే ఉంచి, దారి సంఖ్య మాత్రము వేరుచేయవలెను. ఇంతచేసినను ఫోను తొలుత పట్టిన కొంగు విడువదు. మూలగదికి వచ్చినను హాలులోని పెట్టెకే వ్రేలాడుచుండును. అప్పుడు చేయవలసినది ప్రసారశక్తిని పెంచుట కాదు, తగ్గించుట. హాలు గొంతు తగ్గినచో ఫోనునకు మూలగది గొంతు వినబడును.

రహస్యపదమును గూర్చి ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. 2008 జులై 26న అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొలది నిముషముల ముందు పంపబడిన బెదిరింపు లేఖ నవీ ముంబయిలో ఒక అమెరికావాసి ఇంటి వైఫైగుండ పోయినట్లు పోలీసులు కనుగొన్నారు. ఆ ఇంటివారు చేసిన నేరమేమియు లేదు; తాళము లేని గాలిని ఎవరో వాడుకొన్నారు. విచారణ మాత్రము ఆ ఇంటికే వచ్చినది. మన ఇండ్లలో తాళమున్నది గాని తాళపుచెవి గడపమీదనే ఉన్నది: సొంత ఫోను నంబరు, లేక పెట్టె అడుగున అచ్చువేసి వచ్చిన పదము. పెట్టె లోపలి అమరికల పుటకు "అడ్మిన్" అను పదమే నేటికిని ఎన్నియో ఇండ్లలో తాళపుచెవి. రెండింటిని మార్చవలెను. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ-2, వీలైనచో డబ్ల్యూపీఏ-3 ఉండవలెను. డబ్ల్యూఈపీ అనునది 2001లోనే పగిలిన కుండ. సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను కూర్చి ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో గుర్తుండును, ఊహకందదు. గోలెము, ముక్కెర, పిడక, చినుకు అనునట్లు. ఇచ్చట అచ్చయినవి మాత్రము వాడరాదు. చుట్టాలకు అతిథి వైఫై వేరుగా ఇచ్చు ఏర్పాటు చాల పెట్టెలలో ఉన్నది. పెండ్లిండ్లకు వచ్చిన పిల్లలందరికి ఇంటి తాళము పంచనక్కరలేదు.

ఇదంతయు కుర్రవాండ్రు చూచుకొందురు, మనకెందుకు అనువారున్నారు. కుర్రవాండ్రు హైదరాబాదులోను, అమెరికాలోను, గల్ఫులోను ఉన్నారు. ఇంట మిగిలినవారు వృద్ధులు. వారికి ఈ పెట్టెయే కొడుకు, కోడలు, మనుమలు. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రమున బడిపాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ఇండ్లకు వచ్చినప్పుడు టీవీ లేని పిల్లలు ఫోనులకు వ్రేలాడుట మనము కన్నులార చూచితిమి. డిగ్రీ ప్రవేశములు 2016నుండి దోస్త్ అను పద్ధతిలో ఆన్‌లైనులోనే జరుగుచున్నవి. కోర్కెల జాబితా నమోదు చేయు చివరిరోజు రాత్రి "నెట్ వస్తలేదు" అన్నమాట విలువ ఒక విద్యాసంవత్సరము. అట్టి రాత్రులలో ఫోనుచేసిన విద్యార్థులతో నేను మాటాడినాను. దీపమేరంగు అని అడిగినచో చూచి చెప్పుటకు వారికి తోచదు. చూడవలెనని ఎవరును చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? నేను చూచిన పెట్టెలలో ఒక్కదానితోనైనను తెలుగు కాగితము రాలేదు. మందు చీటిమీద, ఎరువుల బస్తామీద తెలుగున్నది, దీనిమీద లేదు. చెప్పవలసినవారు తెలుగున చెప్పరు. తెలుగున చెప్పగలవారమైన మేము "యాక్సెస్ పాయింటు"కు సంస్కృత సమాసమేదని వాదులాడుచున్నాము. ప్రవేశబిందువు అని ఒకరు, ప్రాప్తిస్థానము అని మరియొకరు. ఈ సమాసములతో ఏ ఇంటను గాలి కదలదు. జనులు ఇప్పటికే తమకు కావలసిన మాటలు పుట్టించుకొనుచున్నారు. డబ్బా, పుల్లలు, "సుట్టు తిరుగుతున్నది", "గుంజుతలేదు". ఇవి నాణ్యమైన సాంకేతికపదములు. పుల్లలున్నవి గాని గుంజుతలేదు అన్నవాడు మూడవ జబ్బు కాదని తానే తేల్చినాడు! ఎనిమిదవ తరగతి విజ్ఞానపాఠములో, మహిళాసంఘముల సమావేశములో ఒక గంట, ఈ మాటలతోనే, ఒక నిజమైన పెట్టెను ఎదుట నుంచి చెప్పినచో సరిపోవును. దీనికి ఇంజనీరు అక్కరలేదు. సంస్థలు పెట్టెతోబాటు అరపుట తెలుగు కాగితము ఈయవలెనని సర్కారు నిబంధన చేసినచో దానికగు ఖర్చు లెక్కలోనికి రాదు.

కరెంటు పోయినప్పుడు పెట్టెను నిలుపు చిన్న బ్యాటరీలున్నవి. ఇన్వర్టరు ఉన్న ఇండ్లలో పెట్టె ప్లగ్గును దాని గీతమీదికి మార్చినచో అదియు అక్కరలేదు. ఆర్పి వెలిగించుట మంత్రముగా వాడువారు, ఆర్పిన తరువాత అరనిముషము ఆగి వెలిగింపవలెను. రోజుకు రెండుమారులు ఆ మంత్రము కావలసివచ్చినచో పెట్టెకో, దాని ఎడాప్టరుకో ఆయువు తీరినదని తెలియవలెను.

మా గల్లీలో కొన్ని ఇండ్లకు నేను ఒక కాగితము వ్రాసి ఇచ్చినాను. బీరువా తలుపు లోపలివైపు అంటించుకొన్నారు. ఏ దీపమేమి చెప్పునో, ఎవరికి ఫోను చేయవలెనో, చేయకముందు ఏమేమి చూడవలెనో పెద్ద అక్షరములలో ఉన్నది. ఆ ఇండ్లలో ఒక పెద్దమ్మ ఈ మధ్య సంస్థ కుర్రవానితో ఫోనులో, "ఎర్రదీపం పొద్దటిసంది వెలుగుతున్నది బిడ్డా, లోపల మడత లేదు, బయట వేపచెట్టుకాడ కోతులు తెంపినట్టున్నయి" అని చెప్పినది. ఎప్పుడును వట్టి చేతులతో వచ్చి, చూచి, మరల పోయి వచ్చువాడు, ఆనాడు మొదటిమారే నిచ్చెన తెచ్చినాడు.